కవ్వం నిలిచి కుండ తిరిగితే

చల్ల చిలికేటప్పుడు కుండ కదలదు, కవ్వం తిరుగుతుంది. కుండ కుదురుగా కూర్చుంటేనే తాడు లాగే చేతికి పట్టు దొరుకుతుంది. దీన్ని ఒక్కసారి తారుమారు చేసి ఊహించుకోండి. కవ్వాన్ని గోడకు బిగించేశారు. కుండే దాని చుట్టూ గిరగిరా తిరుగుతోంది, నిమిషానికి 1,200 సార్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలను ఎగిరించిన రోటరీ ఇంజన్ పనితీరు సరిగ్గా ఇదే.

మామూలు ఇంజన్‌లో సిలిండర్లున్న దిమ్మ బండికి బిగించి ఉంటుంది, లోపల క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతుంది. మోటార్ సైకిల్ నుంచి లారీ దాకా పద్ధతి అదే. రోటరీలో క్రాంక్‌షాఫ్ట్‌నే కదలకుండా విమానం ముక్కుకు బిగించేవారు. ఏడో తొమ్మిదో సిలిండర్లు బండి చక్రంలో ఆకుల్లా దాని చుట్టూ అమరి, అన్నీ కలిసి ఒక్కుమ్మడిగా తిరిగేవి. ప్రొపెల్లర్‌ను ఆ తిరిగే సిలిండర్ల గుత్తికే తగిలించేవారు.

ఇప్పుడు రోటరీ అనగానే కార్ల సంగతి తెలిసినవారికి మాజ్దా, మూడు మూలల రోటర్ గుర్తొస్తాయి. అది ఫెలిక్స్ వాంకెల్ రూపకల్పన. పేరు కలిసినా యంత్రం వేరు. ఈ కథ దానికి అర్ధ శతాబ్దం ముందుది. పైగా ఇందులో ఆముదం ఉంది.

అసలు ఇంత బరువును తిప్పాలని ఎవరికైనా ఎందుకు తోచింది? 1903లో రైట్ సోదరులు తయారు చేయించుకున్న ఇంజన్ దాదాపు 80 కిలోల బరువుండి 12 గుర్రాల శక్తి ఇచ్చింది. గాలిలోకి లేవడానికి అది చాలింది, అక్కడ నిలదొక్కుకోవడానికి చాలలేదు. శక్తి పెంచితే వేడి పెరుగుతుంది. వేడి తగ్గించాలంటే నీళ్లు, రేడియేటర్, గొట్టాలు కావాలి. అదంతా బరువే. నీళ్లు వదిలేసి గాలితోనే చల్లబరుద్దామంటే ఆనాటి విమానాలు గంటకు అరవై, డెబ్బై కిలోమీటర్లకు మించి పోయేవి కావు. నేల మీద నిలబడి ఇంజన్ తిప్పుతున్నప్పుడు ఆ గాలీ ఉండదు. దీనికి తోడు ఇంజన్ కుదుపులు లేకుండా సాఫీగా తిరగాలంటే బరువైన ఇనుప ఫ్లైవీల్ ఒకటి తప్పనిసరి.

సిలిండర్లనే తిప్పితే ఈ చిక్కులన్నీ ఒకేసారి విడిపోతాయి. విమానం కదలకపోయినా సిలిండర్ రెక్కలకు గాలి కొడుతూనే ఉంటుంది. రేడియేటర్ అక్కర్లేదు. తిరిగే ఇంజనే ఫ్లైవీల్ కాబట్టి వేరే చక్రం అక్కర్లేదు. ఈ ఆలోచన విమానం కన్నా పాతది. 1889 నాటికే పారిస్‌లో ఫెలిక్స్ మిల్లే ఐదు సిలిండర్ల ఇంజన్‌ను సైకిల్ చక్రంలోనే ఇమిడ్చి చూపించాడు. అమెరికాలో ఆడమ్స్-ఫార్వెల్ సంస్థ ఇలాంటి ఇంజన్లతో కార్లు కూడా అమ్మింది. అయితే నేల మీద నడిచే బండికి బరువు తగ్గించుకోవాల్సిన అవసరం అంతగా లేదు. ఆ అవసరం ఆకాశంలో పుట్టింది.

దాన్ని పట్టుకున్నవారు లూయీ సెగాన్, లోరాన్ సెగాన్ అనే ఫ్రెంచి అన్నదమ్ములు. రోన్ నది మీద ఇనుప తీగల వంతెన వేసిన మార్క్ సెగాన్‌కు వాళ్లు మనవలు. బరువు తగ్గించి బలం నిలబెట్టడం ఆ ఇంటి విద్య అనుకోవచ్చు. 1905లో పారిస్ పక్కన జెన్‌విలియేలో లూయీ పెట్టిన కంపెనీ పేరు నోమ్. ఆ పేరు జర్మనీ నుంచి వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి ఓబెరుర్జెల్ కర్మాగారం చేసే 'గ్నోమ్' అనే చిన్న స్థిర ఇంజన్‌ను తయారు చేసుకునే హక్కు కొనుక్కుని ఆయన వ్యాపారం మొదలుపెట్టాడు. ఈ ఓబెరుర్జెల్ మళ్లీ కథలోకి వస్తుంది.

1908లో సెగాన్ సోదరులు బయటపెట్టిన నోమ్ ఒమేగా ఇంజన్‌కు ఏడు సిలిండర్లు, 50 గుర్రాల శక్తి, 75 కిలోల బరువు. రైట్ ఇంజన్‌తో పోలిస్తే బరువు కాస్త తక్కువే, శక్తి నాలుగింతలు. పనితనమంతా చెక్కడంలో ఉంది. ఒక్కో సిలిండర్‌ను పోతపోయలేదు, అతుకు పెట్టలేదు. గట్టి ఉక్కు దిమ్మను లేత్ మీద పెట్టి, లోపలా బయటా తరుగుతూ, గాలి తగిలే పల్చని రెక్కలతో సహా ఒకే ముక్కలోంచి తీశారు. గోడ మందం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లకు వచ్చేదాకా తరిగారు. దిమ్మలోని ఉక్కులో ఎక్కువ భాగం రజనుగా నేలపాలయ్యేది. ఖర్చు చూసుకుంటే అలా చేయరు. గ్రాము గ్రాము లెక్క చూసుకునేవాళ్లే చేస్తారు.

లోపలి ఏర్పాటు ఇంకా ముచ్చటైనది. సిలిండర్లు ఒక కేంద్రం చుట్టూ తిరుగుతాయి. పిస్టన్లు వాటి కడ్డీలతో ఆ కేంద్రానికి కాస్త పక్కగా, కదలకుండా ఉన్న మరో బిందువు చుట్టూ తిరుగుతాయి. రెండూ వలయాలే. ఆ రెండు వలయాల కేంద్రాల మధ్య ఎడం ఉండబట్టి సిలిండర్ లోపల పిస్టన్ ముందుకూ వెనక్కూ కదులుతున్నట్టు అవుతుంది. బయట నిలబడి చూసేవారికి ముందుకు వెనక్కు ఊగే భాగం ఏదీ కనిపించదు, అన్నీ తమ తమ చుట్లు తిరుగుతుంటాయి. అందుకే ఆ ఇంజన్ అంత సాఫీగా నడిచేది. వెదురు కర్రలు, గుడ్డ, తీగలతో కట్టిన విమానాలకు ఆ సాఫీతనం ప్రాణాధారం.

సిలిండర్ల సంఖ్య ఎప్పుడూ బేసిగా ఉండటానికీ కారణం ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి పేలాలి. గుండ్రంగా కూర్చున్న ఏడుగురిలో ఒకరిని విడిచి ఒకరికి ప్రసాదం పెడుతూ పోతే రెండు చుట్లలో ఏడుగురికీ ఒక్కోసారి అందుతుంది: 1, 3, 5, 7, 2, 4, 6. ఎనిమిది మందిని కూర్చోబెడితే ఎన్ని చుట్లు తిరిగినా నలుగురికే అందుతుంది.

1909 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో జరిగిన విమానాల పోటీలో హెన్రీ ఫార్మన్ తన విమానానికి నోమ్ ఇంజన్ తగిలించి, మూడు గంటలకు పైగా గాలిలో ఉండి, 180 కిలోమీటర్ల దూరంతో బహుమతి కొట్టుకుపోయాడు. అక్కడి నుంచి రోటరీకి ఎదురు లేకపోయింది. 1910 మార్చిలో హెన్రీ ఫాబ్ర్ నీటి మీద నుంచి ఎగిరిన మొదటి విమానానికి ఇదే ఇంజన్. ఆ ఏప్రిల్‌లో లండన్ నుంచి మాంచెస్టర్‌కు ఎగిరి 10,000 పౌండ్ల పందెం గెలిచిన లూయీ పొలాన్‌దీ, ఓడిన గ్రాహమ్-వైట్‌దీ నోమ్ ఇంజన్లే. 1913లో ప్రెవో నడిపిన దెపర్దుసాఁ విమానం, 160 గుర్రాల నోమ్‌తో, గంటకు 200 కిలోమీటర్లు దాటింది.

ఇక ఆముదం సంగతి.

ఇంజన్ మొత్తం తిరుగుతుంటే పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం సిలిండర్లలోకి ఎలా వెళ్లాలి? కదలనిది క్రాంక్‌షాఫ్ట్ ఒక్కటే. దాన్ని బోలుగా చేసి, ఆ గొట్టంలోంచి ఇంజన్ కడుపులోకి మిశ్రమాన్ని పంపారు. కడుపులోంచి పిస్టన్ నెత్తి మీద ఉన్న చిన్న వాల్వ్ గుండా సిలిండర్‌లోకి చేరేది. అంటే బేరింగులు, కడ్డీలు తిరిగే చోటే పెట్రోలు ఆవిరి నిండి ఉంటుంది. అక్కడ మామూలు ఖనిజ నూనె పోస్తే పెట్రోలు దాన్ని కరిగించి పల్చబరిచి కడిగేస్తుంది. లోహం లోహాన్ని ఒరుసుకుని నిమిషాల్లో ఇంజన్ పట్టేస్తుంది. ఆముదం మాత్రం పెట్రోలులో సరిగా కలవదు. అందులో పదింట తొమ్మిది వంతులున్న రిసినోలిక్ ఆమ్లం దానికి ఆ గుణం ఇచ్చింది. చిక్కగా ఉంటుంది, వేడిలోనూ లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని మన సామెత. ఇక్కడ నూనెలు ఎన్ని ఉన్నా ఆముదానికి సాటివచ్చేది లేకపోయింది.

ఇంకో చిక్కుంది. మామూలు ఇంజన్‌లో నూనె పని ముగించుకుని కింద సంపులోకి జారి, మళ్లీ పైకి వస్తుంది. గిరగిరా తిరిగే ఇంజన్‌కు కింద ఏది, మీద ఏది? పోసిన ఆముదమంతా తిరుగుడు వేగానికి బయటి వైపుకు చిమ్మి, సిలిండర్లలోంచి పొగతో పాటు బయటపడేది. మళ్లీ వాడుకోవడం అనేది లేదు. పెట్రోలుతో పాటు ఆముదానికీ విమానంలో విడిగా ట్యాంకు, అదీ గంటగంటకూ లీటర్ల లెక్కన ఖాళీ అవుతూ. ఇంజన్ చుట్టూ రేకు తొడుగు వేసింది చాలావరకు ఈ చిమ్ముడును పైలట్ మొహం మీద పడకుండా పక్కకు మళ్లించడానికే. అయినా పడేది. కళ్లద్దాలు, కోటు, రెక్కల గుడ్డ అన్నీ జిడ్డే. పైలట్లు గంటల తరబడి ఆ పొగ పీల్చేవారు. దిగాక కడుపులో తిప్పటం, విరేచనాలు మామూలైపోయాయి. మన ఇళ్లలో పిల్లల ముక్కు మూసి చెంచాడు పట్టించిన మందునే వాళ్లు ఊపిరితో తాగారు.

ఆ ఆముదం ఎక్కడిది? యుద్ధానికి ముందు ప్రపంచానికి ఆముదాలు పంపిన ముఖ్యమైన దేశం భారతదేశమే. దేశంలో ఆ పంటకు పేరున్న చోట్లలో నిజాం హైదరాబాద్ సంస్థానం, మద్రాసు ప్రెసిడెన్సీ ఉన్నాయి. నల్లగొండ, పాలమూరు ఎర్ర చెలకల్లో వానాధారంగా, పెద్దగా పోషణ లేకుండా పెరిగే పంట అది. ఇళ్లలో గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన వంటాముదాన్ని తీసేవారు. దీపంలోకి, తలకు, పసిపిల్లల ఒంటికి అదే. ఓడ ఎక్కిన గింజ మీద ఏ చెలకలో పండిందో రాసి ఉండదు. కానీ 1917, 1918లలో ఫ్రాన్స్ మీద ఎగిరిన విమానాల గొంతు తడిపిన నూనెలో దక్కన్ మట్టి వాటా ఉందనుకోవడానికి ఈ వివరాలే ఆధారం. అమెరికా యుద్ధంలోకి దిగాక దాని సైన్యానికి ఆముదం కరువు ఎదురైంది. భారత్ నుంచి ఓడ నిండా ఆముదాలు తెప్పించి, విత్తనంగా పంచి, తమ దక్షిణ రాష్ట్రాల్లో సుమారు లక్ష ఎకరాల్లో వేయించే ప్రయత్నం చేశారు.

శత్రువైన జర్మనీ పరిస్థితి ఇంకా కఠినం. నోమ్ కంపెనీకి పేరిచ్చిన ఓబెరుర్జెల్ కర్మాగారమే, యుద్ధానికి ముందు తిరిగి నోమ్ రోటరీ తయారీ హక్కు తీసుకుంది. తర్వాత ఫ్రెంచి వారి ల రోన్ ఇంజన్‌కూ నకలు చేసింది. ఫోకర్ ఐన్‌డెకర్, మూడు రెక్కల ఫోకర్ డిఆర్-1 విమానాలు అలా ఎగిరినవే. రెండు వైపులా ఒకే వంశం ఇంజన్లు పోరాడుకున్నాయి. కానీ బ్రిటిష్ నౌకాదళం సముద్ర మార్గాలు మూసేయడంతో జర్మనీకి ఆముదం రావడం ఆగిపోయింది. వోల్టోల్ అనే ప్రత్యామ్నాయ నూనె పోశారు. 1918 వచ్చేసరికి కొత్త ఇంజన్లు కూడా కొద్ది గంటల్లోనే పట్టేయడం మొదలైంది. విమానం రూపురేఖల్లో లోపం లేదు, పైలట్లకు నేర్పు తక్కువ లేదు. లేనిది ఆముదం.

రోటరీ చరిత్ర రాసేవారు ఎక్కువగా బ్రిటిష్ యుద్ధవిమానం సోప్‌విత్ క్యామెల్ దగ్గర ఆగుతారు. ఆగాల్సిందే. తిరిగే పెద్ద బరువుకు బొంగరం గుణం ఉంటుంది. తిరుగుతున్న బొంగరాన్ని వేలితో ఒక వైపు నెడితే అది మరో వైపు ఒరుగుతుంది. పొట్టి విమానం ముందు భాగంలో ఇంజన్, తుపాకులు, పెట్రోలు, పైలట్ అన్నీ కుక్కుకుని ఉంటే, ఆ బొంగరం మాటే చెల్లుతుంది. క్యామెల్‌ను కుడికి తిప్పితే ముక్కు కిందికి దిగేది, ఎడమకు తిప్పితే పైకి లేచేది. కుడివైపు మెరుపులా తిరిగేది. అది తెలిసిన పైలట్ చేతిలో శత్రువుకు అందని విమానం. తెలియని కుర్రాడి చేతిలో, గాలిలోకి లేచిన కొన్ని క్షణాలకే గింగిరాలు తిరిగి నేలకూలే విమానం. క్యామెళ్లు కూల్చిన శత్రు విమానాలు 1,294 అని లెక్క. ఆ విమానంలో పోరాటంలో చనిపోయిన పైలట్లు 413 మంది. పోరాటం కాని ప్రమాదాల్లో చనిపోయినవారు 385 మంది. రెండు సంఖ్యల మధ్య ఎంత తక్కువ తేడా ఉందో చూస్తే, ఆ ఇంజన్ తన వాళ్ల నుంచే ఎంత కప్పం వసూలు చేసిందో అర్థమవుతుంది.

వేగం తగ్గించడమూ ఒక విద్యే. నోమ్ మోనోసుపాప్ వంటి ఇంజన్లలో ఇప్పటి బండిలో ఉన్నట్టు యాక్సిలరేటర్ తగ్గించి మెల్లగా పోనిచ్చే వీలు లేదు. ఇంజన్ ఉంటే పూర్తిగా, లేకుంటే లేదు. కిందికి దిగేటప్పుడు పైలట్ కర్ర మీదున్న మీట నొక్కి మంట ఆపేవాడు, వదిలితే మళ్లీ అంటుకునేది. బుర్ర్... నిశ్శబ్దం... బుర్ర్... అంటూ ఆగి ఆగి మోగే ఆ శబ్దంతోనే విమానం దిగుతోందని ఎయిర్‌ఫీల్డ్‌లో తెలిసేది. మంట ఆగినా పెట్రోలు రావడం ఆగదు. మీట ఎక్కువసేపు నొక్కి ఉంచితే కాలని పెట్రోలు రేకు తొడుగులో చేరి, మళ్లీ మంట పుట్టినప్పుడు భగ్గుమనేది. ల రోన్, క్లెర్జే ఇంజన్లు ఈ విషయంలో కొంత నయం.

ఈ విమానాలు నడిపిన భారతీయుడొకరి పేరు ఇక్కడ చెప్పుకోవాలి. రావల్పిండిలో 1894లో పుట్టిన హర్దిత్ సింగ్ మాలిక్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, ముందు ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడిపి, 1917లో బ్రిటిష్ వైమానిక దళంలో చేరారు. తలపాగా మీద సరిపోయే పెద్ద హెల్మెట్ చేయించుకుని 28వ స్క్వాడ్రన్‌లో క్యామెల్ నడిపారు. ఆ అక్టోబరులో జరిగిన గగన యుద్ధంలో కాలికి తూటాలు దిగినా బతికి బయటపడ్డారు. తూటాలకు లొంగని ఆ మనిషికి క్యామెల్ చిమ్మే ఆముదం పడలేదు. అలర్జీ వచ్చింది. తర్వాత ఆయన నీటితో చల్లబడే ఇంజన్ ఉన్న బ్రిస్టల్ ఫైటర్‌కు మారారు. స్వాతంత్ర్యం వచ్చాక, రోటరీ పుట్టిన ఫ్రాన్స్‌కే ఆయన భారత రాయబారిగా వెళ్లారు.

ఇంజన్‌నే తిప్పాలన్న ఒక్క నిర్ణయంతో రోటరీ బతికింది, దానితోనే ముగిసింది. తిరిగే సిలిండర్లు గాలిని చిలుకుతాయి. ఆ చిలకడానికి పోయే శక్తి తిరుగుడు వేగం ఘనం లెక్కన పెరుగుతుంది: వేగం రెట్టింపైతే నష్టం ఎనిమిదింతలు. అందుకే 1,200, 1,300 చుట్ల దగ్గరే ఆగాల్సి వచ్చింది. బోలు క్రాంక్‌షాఫ్ట్ గొట్టంలోంచి పట్టే గాలికీ ఒక హద్దుంది. సిలిండర్ ముందు వైపు గాలికి చల్లబడి, వెనక వైపు కాలిపోయి, గుండ్రం తప్పి కోలగా మారేది. క్లెర్జేలో ఈ రోగం ముదిరినప్పుడు బ్రిటిష్ నౌకాదళ అధికారి డబ్ల్యూ.ఓ. బెంట్లీ అల్యూమినియం సిలిండర్లు, అల్యూమినియం పిస్టన్లతో కొత్త రోటరీ రూపొందించాడు. యుద్ధం ముగిశాక ఆయన పేరుతో వచ్చిన కార్లే బెంట్లీ కార్లు. జర్మనీలో సీమెన్స్ ఇంజనీర్లు ఇంకా సాహసం చేశారు. వాళ్ల ఎస్‌హెచ్-3లో పదకొండు సిలిండర్లు ఒక దిక్కుకు 900 చుట్లు తిరిగితే, క్రాంక్‌షాఫ్ట్ ఎదురు దిక్కుకు 900 చుట్లు తిరిగేది. లోపల పిస్టన్లకు అది 1,800 వేగం, బయట గాలికి 900 మాత్రమే. బొంగరం గుణమూ చాలావరకు తగ్గింది. కవ్వాన్నీ కుండనూ ఎదురెదురుగా తిప్పడమన్నమాట. ఈ వరుసలో ఇంతకన్నా తెలివైన యంత్రం రాలేదు. వచ్చేసరికి యుద్ధం అయిపోవచ్చింది.

విమానాల వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలే సిలిండర్లను చల్లబరచగలిగింది. లోహాలు మెరుగయ్యాయి. సిలిండర్లను అదే గుండ్రపు వరుసలో ఉంచి, కదలకుండా బిగించి, క్రాంక్‌షాఫ్ట్‌ను తిప్పే రేడియల్ ఇంజన్లు వచ్చాయి. కుండ మళ్లీ కుదురు ఎక్కింది. నోమ్, ల రోన్ కంపెనీలు యుద్ధ కాలంలోనే ఒకటయ్యాయి. ఆ సంస్థ వారసత్వం స్నెక్మా మీదుగా నేటి సాఫ్రాన్ దాకా వచ్చింది. ఓబెరుర్జెల్‌లో ఇప్పుడు రోల్స్-రాయిస్ వారి జెట్ ఇంజన్ల పని జరుగుతోంది. ఆముదం పేరు మరో దారిలో నిలిచింది. లండన్‌లో వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో ఆముదం కలిపిన ఇంజన్ ఆయిల్ తెచ్చి, ఇంగ్లీషులో ఆముదానికి ఉన్న పేరు మీదుగానే క్యాస్ట్రాల్ అని పిలిచింది. మన ఊళ్లలో మెకానిక్ షెడ్ల ముందు వేలాడే ఆ బోర్డు వెనక కథ ఇది.

ప్రపంచంలో ఆముదాల పంటలో సింహభాగం ఇప్పటికీ భారత్‌దే, అందులో గుజరాత్‌ది మొదటి స్థానం. పాలమూరు వైపు పాలెం పరిశోధన కేంద్రం ఇచ్చిన క్రాంతి, హరిత రకాలు తెలంగాణ రైతులకు తెలిసినవే. ఇంగ్లండ్‌లోని ఓల్డ్ వార్డెన్‌లో షటిల్‌వర్త్ సంగ్రహాలయం రోటరీ విమానాలను ఈ రోజుకీ గాలిలోకి లేపుతుంది. న్యూజిలాండ్‌లో ఒక వర్క్‌షాప్ వంద గుర్రాల మోనోసుపాప్‌ను కొత్తగా ఉక్కు దిమ్మలోంచి తరిగి తీస్తోంది. ప్రదర్శన రోజున విమానం దిగగానే మనుషులు గుడ్డ పేలికలు పట్టుకుని దాని పొట్ట కిందికి వంగుతారు. తొడుగు అంచు నుంచి తోక దాకా పట్టిన ఆముదపు జిడ్డు తుడిచేసరికి చాలాసేపు పడుతుంది.